ఒకే ఫండ్ సంస్థలో ఒకే ఫోలియో ఉండాలా, లక్ష్యానికొక ఫోలియో తీయాలా?

మంజీర:

నా పేరిట ఒకే మ్యూచువల్ ఫండ్ సంస్థలో మూడు ఫోలియో నంబర్లు ఉన్నాయి. మొదటిది 2014లో బ్యాంకు శాఖలో దరఖాస్తు నింపి తీసినది, రెండవది ఏజెంటు ద్వారా వచ్చినది, మూడవది ఫోన్ యాప్‌లో సిప్ (నెలనెలా కొంత మొత్తం పెట్టుబడి పెట్టే పద్ధతి) మొదలుపెట్టినప్పుడు దానంతట అదే ఏర్పడినది. మూడింటిలోనూ పేరు, పాన్ ఒకటే. మొదటిదానిలో నామినీగా ఉన్న మా నాన్నగారు ఇప్పుడు లేరు. మిగిలిన రెండింటిలో నా భార్య నామినీ. రెండవ, మూడవ ఫోలియోలలో ఒకే ఈక్విటీ పథకం యూనిట్లు ఉన్నాయి.

అన్నీ కలిపి ఒక్క ఫోలియోగా చేసుకోమని మా బావగారు సలహా ఇస్తున్నారు. పిల్లల చదువుకు, ఇంటికి, విశ్రాంత జీవితానికి వేర్వేరు ఫోలియోలు ఉండాలని, ఉన్నవాటిని కలపవద్దని మా కార్యాలయంలో ఒకరు గట్టిగా చెబుతున్నారు. ఇద్దరూ లెక్కలు తెలిసినవారే. కారణాలతో సహా మీ అభిప్రాయం చెప్పగలరు.

లెక్కలపద్దు:

చాలామంది ఫోలియో నంబరును డీమ్యాట్ ఖాతా (షేర్లు, యూనిట్లు ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచుకునే ఖాతా) నంబరుతోనో, పథకం నంబరుతోనో కలగలిపి మాట్లాడుతుంటారు కాబట్టి ముందు ఆ విషయం తేల్చుకుందాం. ఫోలియో అంటే ఒక ఫండ్ సంస్థ తన పుస్తకాలలో మదుపరికి కేటాయించిన ఖాతా. ఆ సంస్థకు చెందిన పథకాలు ఎన్నింటిలో పెట్టుబడి పెట్టినా అవన్నీ ఒకే ఫోలియోలో ఉండవచ్చు; నేరుగా కొనే డైరెక్ట్ ప్లాను, ఏజెంటు ద్వారా కొనే రెగ్యులర్ ప్లాను కూడా పక్కపక్కనే ఉండవచ్చు. మరో సంస్థలో పెట్టుబడి పెడితే మాత్రం అక్కడ మరో నంబరు తప్పదు. అన్ని సంస్థలలోనూ మనిషిని గుర్తించేది పాన్, ఒక సంస్థలో అతని ఖాతాను గుర్తించేది ఫోలియో.

స్టేట్‌మెంట్ తీసి చూడండి. పైన ఫోలియో నంబరు ఉంటుంది. కొన్ని సంస్థలు దాని చివర గీత పెట్టి మరో రెండంకెలు వేస్తాయి. ఆ పక్కన పాన్, కేవైసీ (గుర్తింపు, చిరునామాల ధ్రువీకరణ) సరిగా ఉన్నాయో లేదో, నామినీ ఎవరో, ఏ బ్యాంకు ఖాతా నమోదైందో కనిపిస్తాయి. వాటి కింద పథకాలవారీగా లావాదేవీలు ఉంటాయి. మీరు 5,000 రూపాయల సిప్ కడితే 4,999.75 రూపాయలకు యూనిట్లు వచ్చినట్టు, 25 పైసలు స్టాంపు సుంకంగా పోయినట్టు రాసి ఉంటుంది. 2020 జూలై 1 నుంచి 0.005 శాతం చొప్పున ఆ సుంకం వసూలవుతోంది. గమనించవలసింది ఏమిటంటే, బ్యాంకు ఖాతా, నామినీ అనే రెండు ముఖ్యమైన వివరాలు పథకానికి కాక ఫోలియోకు అంటిపెట్టుకుని ఉంటాయి. ఫోలియోలు మూడుంటే ఆ వివరాలను మూడుచోట్ల సరిగా ఉంచుకోవాలి, ఒకచోట మార్చి మరోచోట మరిచిపోతే రెండూ రెండు దారులు పడతాయి. మీ మొదటి ఫోలియోలో ఇప్పటికే అదే జరిగింది. కాబట్టి నా అభిప్రాయంలో మీ బావగారి మాటే సరైనది.

కృష్ణాతీరం:

లెక్కలపద్దు గారు ఫోలియో గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను, చివరి నిర్ణయాన్ని మాత్రం ఒప్పుకోలేను. ఆయన నిర్వహణ సౌకర్యాన్ని చూశారు కానీ యూనిట్లు అమ్మే రోజున ఏం జరుగుతుందో చూడలేదు.

ఒక ఫోలియోలోని ఒక పథకంలో యూనిట్లు అమ్మితే ముందు కొన్నవి ముందు పోతాయి. ఏ యూనిట్లు అమ్మాలో ఎంచుకునే వీలు మనకు ఉండదు. అదే పథకం రెండు ఫోలియోలలో ఉంటే, రిజిస్ట్రార్ (ఫండ్ సంస్థ తరఫున మదుపరుల లెక్కలు రాసే సంస్థ) ఏ ఫోలియోకు ఆ ఫోలియోలోనే ఈ వరుసను పాటిస్తారు. ఒక లెక్క చూడండి. 40 రూపాయల ధర వద్ద ఆరేళ్ల కింద కొన్న 1,000 యూనిట్లు ఒక ఫోలియోలోను, 95 రూపాయల వద్ద నాలుగు నెలల కింద కొన్న 500 యూనిట్లు మరో ఫోలియోలోను ఉన్నాయనుకుందాం. నేటి ధర 100 రూపాయలు, మీకు 50,000 రూపాయలు కావాలి. రెండూ కలిసి ఒకే ఫోలియోలో ఉంటే పాత యూనిట్లు 500 పోయి 30,000 రూపాయల దీర్ఘకాలిక లాభం తేలుతుంది, 12.5 శాతం లెక్కన 3,750 రూపాయల పన్ను. విడిగా ఉంటే కొత్త ఫోలియో నుంచి అమ్మవచ్చు. లాభం 2,500 రూపాయలే కాబట్టి 20 శాతం స్వల్పకాలిక పన్ను, ఒక శాతం ఎగ్జిట్ లోడ్ (తొందరగా అమ్మితే ఫండ్ సంస్థ కోసే రుసుము) రెండూ కలిపినా వెయ్యి రూపాయలు దాటదు. ఒక్కసారి కలిపేశాక ఈ వీలు మళ్లీ రాదు.

మరో మాట కూడా ఉంది. అమ్మాయి చదువుకని పెట్టిన డబ్బు వేరే నంబరు కింద కనిపిస్తున్నంత కాలం, ఇంటి మరమ్మతు వచ్చినా బండి కొనాలనిపించినా దానిమీదికి చేయి పోదు. ఈ కట్టుబాటు విలువను రూపాయలలో చూపించలేకపోవచ్చు కానీ మధ్యతరగతి ఇళ్లలో పొదుపు నిలబడేది దీనివల్లనే.

లెక్కలపద్దు:

మీ లెక్కలో అంకెలు తప్పు కాదు, కానీ ఒక ముఖ్యమైన అంకెను పక్కన పెట్టారు. 2024 జూలై 23న రేట్లు మారినప్పుడు ఈక్విటీ ఫండ్లపై దీర్ఘకాలిక లాభంలో ఏడాదికి 1,25,000 రూపాయల వరకు పన్ను లేకుండా చేశారు. ఆ సంవత్సరంలో వేరే లాభాలేమీ లేని మదుపరి పాత యూనిట్లు అమ్మి 30,000 రూపాయల లాభం తీసుకుంటే పన్ను సున్నా. మీరు చెప్పినట్టు కొత్త యూనిట్లు అమ్మితే ఆ మినహాయింపు స్వల్పకాలిక లాభానికి వర్తించదు కాబట్టి ఊరికే పన్ను, ఎగ్జిట్ లోడ్ కట్టుకోవాలి. ఏడాదికి లక్షల్లో లాభం తీసుకునేవారికే మీ పద్ధతి అక్కరకు వస్తుంది. అప్పుడైనా అది వాయిదా మాత్రమే, ఎందుకంటే 40 రూపాయల యూనిట్ల మీద పన్ను ఎప్పుడో ఒకనాడు కట్టవలసినదే. డీమ్యాట్‌లో ఉన్న యూనిట్లకయితే ఫోలియోలను బట్టి ఈ ఎంపిక చేసుకునే అవకాశమే లేదు. 1998 నాటి ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ 768 ప్రకారం అక్కడ ముందు వచ్చినవి ముందు పోయే లెక్కను డీమ్యాట్ ఖాతాను బట్టి కడతారు.

సీలేరు:

నేను ఫండ్ల పంపిణీలో ఉన్నాను. మీరిద్దరూ మదుపరి బతికుండి, ఆరోగ్యంగా ఉండి, తానే కూర్చుని లాగిన్ అవుతాడని అనుకుని వాదిస్తున్నారు. ఫోలియోల సంఖ్య అసలు ప్రశ్నగా మారేది అతను లేని రోజున.

ఒక కుటుంబం సంగతి చెబుతాను. భర్త పోయాక ఆమె ఒక ప్లాస్టిక్ కవరులో స్టేట్‌మెంట్లు పెట్టుకుని వచ్చారు. ఒకే సంస్థలో నాలుగు ఫోలియోలు. ఒకదానిలో ఆమె నామినీ. ఒకదానిలో ఆయన తల్లి నామినీ, ఆవిడ అప్పటికే పోయారు. ఒకదానిలో నామినీయే లేరు. నాలుగవది ఆయన తమ్ముడితో కలిసి ఉమ్మడిగా తీసినది. ఒక మనిషి, ఒక సంస్థ, అయినా నాలుగు రకాల కాగితాలు. మొదటిదానికి మరణ ధ్రువపత్రం, ఆమె కేవైసీ, రద్దు చేసిన చెక్కు, దరఖాస్తు సరిపోయాయి. రెండు, మూడు ఫోలియోలకు వారసత్వ పత్రాలు కావలసి వచ్చాయి. ఉమ్మడి ఫోలియోలో యూనిట్లు నియమం ప్రకారం రెండవ హోల్డరైన తమ్ముడి పేరిట మారాయి. ఆ డబ్బు ఎవరిదన్నది ఆ తర్వాత ఇంట్లో తేల్చుకోవలసిన విషయమయింది.

నామినీ ఉంటే చాలు, ఆస్తి వారిదే అన్న భ్రమ కూడా వద్దు. షేర్లు, సెక్యూరిటీల విషయంలో నామినేషన్ వల్ల నామినీకి సంపూర్ణ యాజమాన్యం రాదని, వారసుల హక్కు పోదని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నామినీ సంస్థ నుంచి ఆస్తిని అందుకునే వ్యక్తి మాత్రమే. అందుకే నామినీ ఎవరో, వారసులెవరో పొంతన కుదిరేలా చూసుకోవాలి. ఆ పొంతన ఒక్కచోట చూసుకోవడం తేలిక, నాలుగుచోట్ల కష్టం.

కృష్ణాతీరం:

సీలేరు గారూ, ఆ కుటుంబం పడిన ఇబ్బంది నాకు అర్థమయింది. కానీ మీరు చెప్పిన వివరాలలోనే నా సమాధానం ఉంది. ఆ నాలుగు ఫోలియోలలో ఒకే వ్యక్తి ఏకైక హోల్డరుగా ఉండి, ఆమే నామినీగా ఉంటే ఒకే సంస్థకు ఒకే దరఖాస్తులో నాలుగు నంబర్లూ రాసి ఇచ్చేవారు. అక్కడ ఇబ్బంది పెట్టింది ఫోలియోలు ఎక్కువ కావడం కాదు, వాటిలోని వివరాలు పొసగకపోవడం. పైగా 2024 జనవరి 1 నుంచి మదుపరి మరణాన్ని ఒకచోట తెలియజేస్తే కేవైసీ సంస్థల ద్వారా మిగిలిన అన్నిచోట్లకూ సమాచారం వెళ్లే ఏర్పాటును మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తెచ్చింది. రిజిస్ట్రార్ సంస్థలైన క్యామ్స్, కేఫిన్‌టెక్ కలిసి 2021లో తెచ్చిన వెబ్‌సైటు ఎంఎఫ్ సెంట్రల్‌లో అన్ని సంస్థల ఫోలియోలూ ఒకేచోట కనిపిస్తాయి. మూడు ఫోలియోలలో నామినీ మార్చడం ఒక సాయంత్రం పని. ఆ పని చేయనివారికి ఒక్క ఫోలియో ఉన్నా అదే గతి.

సీలేరు:

మీరన్నది నిజమే, పొసగకపోవడమే అసలు ఇబ్బంది. కానీ ఫోలియోలు పెరిగేకొద్దీ ఆ పొసగకపోవడం కూడా పెరుగుతుందని నేను చూస్తున్నాను. ఇక కనిపించడం గురించి ఒక మాట. నెలనెలా వచ్చే ఏకీకృత స్టేట్‌మెంట్ పాన్ ఆధారంగా తయారవుతుంది. అన్ని మ్యూచువల్ ఫండ్ పెట్టుబడులకూ పాన్ తప్పనిసరి అయింది 2007 జూలైలో. అంతకు ముందు తీసిన ఫోలియోలో పాన్ నమోదు కాకపోతే అది ఆ స్టేట్‌మెంట్‌లోకి రాదు. పాత పెట్టెల్లో యూనిట్ ట్రస్టు నాటి కాగితాలు ఉన్న ఇళ్లు మన ప్రాంతంలో ఇప్పటికీ చాలా ఉన్నాయి. అలాంటివాటి కోసమే 2025లో సెబీ ‘మిత్ర’ అనే వెతుకులాట వేదికను ఏర్పాటు చేయించింది. పదేళ్లుగా మదుపరి వైపు నుంచి ఏ కదలికా లేక, యూనిట్లు మాత్రం మిగిలి ఉన్న ఫోలియోలను అందులో వెతకవచ్చు. ఇంట్లో పెద్దవారు ఉన్నవారు ఒకసారి వారిని పక్కన కూర్చోబెట్టుకుని వెతకండి. ఈ చర్చ కంటే ఆ పని అత్యవసరం.

ప్రవాసి_డల్లాస్:

ఇక్కడ ఎవరూ ప్రస్తావించని సందర్భం ఒకటి ఉంది. విదేశాలకు వెళ్లినవారికి రెండు ఫోలియోలు ఇష్టాయిష్టాల విషయం కాదు. ఎన్‌ఆర్‌ఈ ఖాతా (ప్రవాసులు విదేశీ సంపాదన దాచుకునేది) నుంచి పెట్టిన డబ్బును విదేశానికి స్వేచ్ఛగా తిరిగి తీసుకుపోవచ్చు, ఎన్‌ఆర్‌ఓ ఖాతా (స్వదేశంలో వచ్చే ఆదాయానికి ప్రవాసులు వాడేది) డబ్బుకు వేరే పరిమితులు ఉన్నాయి. రెండింటినీ ఒకే ఫోలియోలో కలిపితే ఏ రూపాయి ఎటు పోవాలో తేలదు. దేశంలో ఉండగా తీసిన ఫోలియోలో నివాస స్థితిని మార్పించుకుని, అందులోని పొదుపు ఖాతా స్థానంలో ఎన్‌ఆర్‌ఓ ఖాతాను నమోదు చేయించుకోవాలి. మా స్నేహితులలో చాలామంది ఏళ్ల తరబడి దీన్ని వాయిదా వేస్తూ వచ్చి, యూనిట్లు అమ్మవలసిన రోజున ఆగిపోయారు. అమెరికా, కెనడాలలో ఉన్నవారి నుంచి కొన్ని సంస్థలు కొత్త పెట్టుబడి తీసుకోవు కాబట్టి వీసా రాగానే ఈ సంగతి కూడా చూసుకోవడం మంచిది.

లెక్కలపద్దు:

ప్రవాసి గారు చెప్పినది ఒప్పుకోవలసినదే. నేను ఒకే ఫోలియో అన్నది హోల్డర్లు, వారి వరుస, పన్ను స్థితి ఒకటే అయినప్పుడు. అవి వేరైతే సంస్థలు కలపనే కలపవు. మైనరు పేరిట తీసే ఫోలియో కూడా అలాగే విడిగానే ఉండాలి. అందులో బిడ్డే ఏకైక హోల్డరు, తల్లి గానీ తండ్రి గానీ సంరక్షకులు. పద్దెనిమిదేళ్లు నిండాక కేవైసీ చేయించి స్థితి మార్చేవరకు లావాదేవీలు ఆగిపోతాయి. కృష్ణాతీరం గారు కోరే కట్టుబాటు అందులో నిజంగా ఉంది, ఎందుకంటే ఆ డబ్బు చట్టప్రకారం బిడ్డదే అవుతుంది. తండ్రి పేరిటే ఉన్న రెండు నంబర్లలో ఒకదానికి మనసులో ‘అమ్మాయి చదువు’ అని పేరు పెట్టుకుంటే ఆ బలం రాదు.

కృష్ణాతీరం:

మనసులో పెట్టుకున్న పేరుకు చట్టబలం లేకపోవచ్చు. అయినా తండ్రి అవసరమైతే దాన్ని వెనక్కి తీసుకోగలగడం కూడా ఒక మేలే కదా. మైనరు ఫోలియోలో పెట్టిన డబ్బును ఇంట్లో ఆపద వచ్చినా తమ డబ్బులా వాడుకోకూడదు. ఇక్కడ మన ఇద్దరికీ పొత్తు కుదరదనుకుంటాను.

మంజీర:

అందరికీ ధన్యవాదాలు. మొదటి ఫోలియోను రెండవదానిలో కలపాలని, మూడవదాన్ని అమ్మాయి చదువు కోసం విడిగానే ఉంచాలని అనుకుంటున్నాను. కలిపితే అమ్మినట్టు లెక్క వేసి పన్ను అడుగుతారా? నామినీగా ఏ పేరు మిగులుతుంది?

లెక్కలపద్దు:

కలపడం అమ్మకం కాదు కాబట్టి పన్ను ఉండదు, యూనిట్లు వాటి పాత కొనుగోలు తేదీలతో, ధరలతో సహా బదిలీ అవుతాయి. ఏ ఫోలియోలోకి కలుపుతారో దానిలోని బ్యాంకు ఖాతా, నామినీ వివరాలే నిలుస్తాయి. కాబట్టి దరఖాస్తులో రెండవ ఫోలియో నంబరునే నిలిచే ఫోలియోగా రాయండి. తారుమారైతే మీ భార్య పేరు పోయి మీ నాన్నగారి పేరు మిగులుతుంది. మొదటిదానిలో ఏదైనా సిప్ నడుస్తుంటే దాని సంగతి ముందే అడిగి తెలుసుకోండి. పని పూర్తయ్యాక కొత్త స్టేట్‌మెంట్ తెప్పించుకుని, 2014 నాటి మొదటి కొనుగోలు తేదీ అందులో అలాగే ఉందో లేదో పాతదానితో వరుసవారీగా సరిచూసుకోండి. ఆ పాత స్టేట్‌మెంట్‌ను పారేయకండి.