రికవరీలో కొత్తగా వేశారు, ట్రాలీ వస్తుంటేనే గుండె దడ. సీనియర్లు కాస్త చెప్పరూ

కొత్త రికవరీ సిస్టర్, విజయవాడ:
నమస్తే అండి. సూర్యారావుపేటలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో చేస్తున్నాను. జీఎన్ఎం నర్సింగ్ కోర్సు అయ్యాక సర్జికల్ వార్డులోనే ఉన్నాను, అక్కడ నాకు బెరుకు ఉండేది కాదు, నరం దొరకని చెయ్యి ఉంటే క్యాన్యులా పెట్టడానికి నన్నే పిలిచేవాళ్లు. ఈమధ్య రికవరీకి, అంటే ఆపరేషన్ అయ్యాక మత్తు దిగేదాకా పేషెంట్‌ని ఉంచే గదికి మార్చారు, అంతే, నాకసలు ఏమీ రాదేమో అనిపిస్తోంది. వార్డుకొచ్చే పేషెంట్ అప్పటికే మాట్లాడుతుంటారు కదా, ఇక్కడేమో కళ్లు మూసుకుని వస్తారు, అనస్థీషియా సార్ నాలుగు ముక్కలు గబగబా చెప్పేసి తర్వాతి కేసుకి వెళ్లిపోతారు, నేను వేలికి ఆక్సిజన్ చూసే ప్రోబ్ తగిలించేలోపే మానిటర్ మోత మొదలవుతుంది. పుస్తకంలో చదివితే అన్నీ అర్థమవుతున్నాయి గానీ ట్రాలీ ఆగగానే ముందు ఏది చూడాలో తోచదు. ప్రతిదానికీ పిలిస్తే విసుక్కుంటారు, పిలవకపోతే ఏమవుతుందోనని టెన్షన్. మీరంతా ఎలా నెట్టుకొచ్చారు?

రికవరీ అక్క, గుంటూరు:
అమ్మాయ్, ట్రాలీ ఆగగానే మానిటర్ వైపు చూడకు, పేషెంట్ వైపు చూడు. ఒక చెయ్యి ఛాతీ మీద, ఇంకో చెయ్యి ముక్కూ నోటి దగ్గర. ఛాతీ లేస్తోందా, గాలి చేతికి తగులుతోందా. మిగతా వైర్లన్నీ ఆ తర్వాతే.

గురక వినిపిస్తే బయట ఉన్నవాళ్లు హాయిగా నిద్రపోతున్నాడనుకుంటారు, మనం అనుకోకూడదు. నాలుక వెనక్కి జారి గాలి దారి సగం మూసుకుందన్నమాట. అంతకంటే భయపడాల్సింది చప్పుడే లేనప్పుడు. పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ లోపలికి పోతూ, చేతికి గాలి తగలకపోతే దారి పూర్తిగా మూసుకున్నట్టే. చెవి తమ్మె కింద దవడ ఎముక మూల ఉంటుంది చూడు, రెండు వైపులా అక్కడ వేళ్లు పెట్టి, కింది పళ్లు పై పళ్లకంటే ముందుకొచ్చేదాకా దవడను ఎత్తాలి. గట్టిగానే ఎత్తాలి. కొత్తవాళ్లంతా పాపం నొప్పేస్తుందేమోనని మెత్తగా పట్టుకుంటారు, దాంతో ఏమీ కదలదు. ఆ నొప్పికి పేషెంట్ మేలుకున్నా మనకి లాభమే. నోట్లో ఎయిర్‌వే (నాలుక వెనక్కి జారకుండా పెట్టే వంపు గొట్టం) పెట్టాలంటే నోటి మూల నుంచి దవడ మూల దాకా కొలిచి సైజు తీసుకో, అయితే దగ్గుతున్నా, పెట్టబోతే ఓకరిస్తున్నా పెట్టొద్దు.

ఇంకోటి, ఇది అందరూ మర్చిపోతారు. ఆక్సిజన్ పెట్టి ఉన్నంతసేపూ శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 98 చూపిస్తూనే ఉంటుంది, ఊపిరి మాత్రం నిమిషానికి ఆరో ఏడో ఉండొచ్చు. ఆ అంకె పడేసరికి చాలా ఆలస్యం అయిపోతుంది. అందుకే గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టు, 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించడాలు వద్దు.

దవడ పట్టడం చదివితే వచ్చేది కాదు. ఖాళీ ఉన్న రోజు థియేటర్లోకి వెళ్లి, మత్తు ఇచ్చి మాస్క్ పట్టేటప్పుడు "సార్, ఒకసారి నేను పడతాను, మీరు చూడండి" అని అడుగు. అడిగితే చాలామంది సంతోషంగా నేర్పిస్తారు.

ఓటీ బ్రదర్, విజయవాడ:
అక్క చెప్పింది కరెక్ట్. మానిటర్ మోత గురించి నేను చెప్తాను, మీ దడలో సగం దానివల్లే. బీపీ కఫ్ ఉన్న చేతికే శాచురేషన్ ప్రోబ్ పెడితే కఫ్ బిగిసిన ప్రతిసారీ రీడింగ్ పోయి అలారం కొడుతుంది. కఫ్ ఒక చేతికి, ప్రోబ్ రెండో చేతికి పెట్టండి. నెయిల్ పాలిష్, ముదురు గోరింటాకు ఉన్న వేలైతే వేలు మార్చండి, లేదంటే చెవికి పెట్టండి. థియేటర్ ఏసీకి చేతులు చల్లబడి, వణుకుతూ వచ్చినవాళ్లకి కూడా రీడింగ్ సరిగా రాదు. బయట మే నెల ఎండ మండిపోతుంటే లోపల రెండు దుప్పట్లు కప్పాల్సి రావడం మన బెజవాడ వింత. అయితే అలారం కొట్టగానే మిషన్ తప్పే అనుకోవద్దు, ముందు పేషెంట్ మొహం చూసి, ఊపిరి చూసి, ఆ తర్వాతే వైరు సంగతి.

సార్ కేస్ షీట్ పెట్టేసి వెళ్లబోతుంటే "ఒక్క బీపీ వచ్చేదాకా ఉండండి సార్" అనండి. మొహం చిట్లిస్తారేమో, ఆగుతారు. ఆ లోపల అడిగేయండి: ఫెంటనిల్ (ఊపిరిని తగ్గించే నొప్పి మందు) చివరగా ఎప్పుడిచ్చారు, రివర్సల్ (కండరాలు వదులు చేసే మందుకి విరుగుడు) ఇచ్చారా, రక్తం ఎంత పోయింది, అలర్జీ ఏమైనా ఉందా, నొప్పికి మళ్లీ ఏమివ్వమంటారు. అరచేతిలో రాసుకున్నా సిగ్గేమీ లేదు.

మత్తు డాక్టర్, గుంటూరు:
సిస్టర్, విసుక్కునేవాళ్ల సంగతి వదిలేయండి, పిలవండి. కాకపోతే పిలిచే పద్ధతి ఒకటుంది. "సార్, పేషెంట్ బాలేదు, రండి" అంటే నాకేమీ తెలియదు. "గాల్ బ్లాడర్ కేసు సార్, ఊపిరి నిమిషానికి 7, పిలిస్తే కళ్లు తెరవట్లేదు, కనుపాపలు బాగా చిన్నవైపోయాయి, దవడ ఎత్తి పట్టుకున్నాను" అనండి, నేను దారిలో ఉండగానే నలోక్సోన్ (ఫెంటనిల్ లాంటి మందులకి విరుగుడు) తీయిస్తాను.

మెలకువగా ఉండీ మాట పెగలక, కాళ్లూ చేతులూ ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకుంటుంటే ఆపరేషన్‌లో కండరాలు వదులు చేయడానికిచ్చిన మందు ఇంకా పూర్తిగా దిగలేదేమోనని అనుమానించండి. తల ఎత్తి ఐదు సెకన్లు నిలపమనండి. నిలిపినంత మాత్రాన మందు మొత్తం పోయిందని గ్యారంటీ లేదు, నిలపలేకపోతే మాత్రం నన్ను పిలవాల్సిందే. గొడవ చేస్తున్నాడని నిద్ర ఇంజక్షన్ వేయడం అన్నిటికంటే ప్రమాదం. ఆక్సిజన్ అందుతోందా, మూత్రం నిండిపోయిందా, నొప్పి ఉందా, ముందు ఇవి చూడాలి. పెద్దవయసువాళ్లు పైపులు పీకేస్తుంటే చాలాసార్లు ఇందులో ఏదో ఒకటే ఉంటుంది.

రికవరీ నుంచి పంపొచ్చా లేదా అని చూసే ఆల్డ్రెట్ స్కోరు గురించి కూడా ఒక మాట. 1970లో పెట్టినప్పుడు అందులో ఒంటి రంగు చూసేవారు, 1995లో దాని బదులు శాచురేషన్ చేర్చారు. పదికి 9 వస్తే పంపొచ్చంటారు, సరే. కానీ అందులో నొప్పి లేదు, వాంతి లేదు, బ్లీడింగ్ లేదు. స్పైనల్‌లో (నడుంలో మత్తు సూది ఇచ్చి) సిజేరియన్ అయినావిడకి కాళ్లు కదలకపోయినా 9 వచ్చేస్తుంది. ఆవిడ నడుం కింద చెయ్యి పెట్టి చూడండి, రక్తం కిందకి జారి షీటు అడుగున చేరుతుంది, పైనుంచి చూస్తే కనపడదు. పల్స్ పెరుగుతూ పోతుంటే బీపీ పడేదాకా ఆగొద్దు.

కొత్త రికవరీ సిస్టర్, విజయవాడ:
అందరికీ థాంక్స్ అండి, ముఖ్యంగా కఫ్ సంగతి, మాకు వార్డులో కూడా ఎవరూ చెప్పలేదు. అక్కా, ఒక్క డౌట్. వచ్చే వారం టాన్సిల్స్ పిల్లలున్నారు, వాళ్లంటే ఇంకా భయం. బయట తల్లులు తలుపు దగ్గరే నిలబడి ఏడుస్తుంటారు.

రికవరీ అక్క, గుంటూరు:
ఏడుస్తున్న పిల్లాడి గురించి అంత కంగారు పడకు, ఏడుస్తున్నాడంటే గాలి ఆడుతున్నట్టే. పక్కకి తిప్పి, నోట్లోది బయటికి కారేలా పడుకోబెట్టు. నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తుంటే రక్తం మింగుతున్నాడేమో, టార్చి వేసి చూసి వెంటనే చెప్పు. కీచుమని సన్నగా శబ్దం వచ్చి, మెడ దగ్గర గుంట పడుతూ, ఆ శబ్దం కూడా ఆగిపోతే స్వరపేటిక బిగుసుకుపోయినట్టు. అప్పుడు సార్‌ని గట్టిగా కేకేస్తూనే దవడ ఎత్తు, గాలి పక్కకి పోకుండా మాస్క్ బిగించి ఫుల్ ఆక్సిజన్ పెట్టు, ఆయన వచ్చేదాకా చెయ్యి తీయకు. తల్లిని లోపలికి రానిస్తారో లేదో మీ సార్‌ని ముందే అడిగి ఉంచు, పిల్లాడు పూర్తిగా మేలుకున్నాక ఆవిడ పక్కనుంటే నీకే పని తేలిక. సక్షన్ (నోట్లో రక్తం, ఉమ్మి లాగే మిషన్) మాత్రం ట్రాలీ రాకముందే ఆన్ చేసి, వేలు అడ్డం పెట్టి లాగుతోందో లేదో చూసుకో.