రబ్బీల న్యాయస్థానానికి విరాళం ఇవ్వవచ్చా?

టీనెక్ తెలుగువాడు
మేము ఉండేది న్యూజెర్సీలోని టీనెక్‌లో. ఇక్కడ సంప్రదాయ యూదు కుటుంబాలు ఎక్కువ. మా ఆఫీసులో పనిచేసే ఒకాయన కొత్త అధ్యయన కేంద్రం కోసం విరాళాలు సేకరిస్తున్నారు. అక్కడ హలాఖా, అంటే యూదు ధర్మశాస్త్రం, బోధిస్తారు. యువ రబ్బీలకు (యూదు మతగురువులకు) దయాన్‌లుగా, అంటే న్యాయనిర్ణేతలుగా, శిక్షణ ఇస్తారు. అదే భవనంలో బెత్ దీన్, అంటే రబ్బీల న్యాయస్థానం, కూర్చుంటుంది. ముగ్గురు దయాన్‌లు వ్యాపార తగాదాలు, విడాకుల వ్యవహారాలు వింటారు. మన గుడి కట్టినప్పుడు ఆయన అడగకుండానే చందా ఇచ్చారు కాబట్టి నాకు ఇవ్వాలని ఉంది. మా ఆవిడ మాత్రం, ఆడవాళ్లకు విడాకులు దక్కకుండా చేసే కోర్టుకు మన డబ్బు ఎందుకంటోంది. మీరేమంటారు?

బెజవాడ వకీలు
నిస్సందేహంగా ఇవ్వండి. అమెరికాలో బెత్ దీన్ అంటే సమాంతర ప్రభుత్వమేమీ కాదు. ఇరుపక్షాలూ సంతకం చేసి ఒప్పుకుంటే అది మధ్యవర్తిత్వం. 1925 నాటి ఫెడరల్ మధ్యవర్తిత్వ చట్టం, రాష్ట్రాల చట్టాలు దానికి ఆధారం. తీర్పును అమలు చేయించాలంటే మళ్లీ మామూలు కోర్టుకే వెళ్లాలి. పక్షపాతం, మోసం రుజువైతే ఆ కోర్టు తీర్పును కొట్టివేయగలదు. చట్టపరమైన విడాకులు ఎలాగూ రాష్ట్ర కోర్టే ఇస్తుంది. న్యూయార్క్‌లోని బెత్ దీన్ ఆఫ్ అమెరికా 1960 నుంచి ఈ పద్ధతిలోనే నడుస్తోంది.

ఇక శాస్త్రం మాటకొస్తే, 1565లో వెనిస్‌లో అచ్చయిన యోసెఫ్ కారో ధర్మశాస్త్ర సంహిత ‘షుల్హాన్ ఆరుఖ్’లో అప్పులు, అద్దెలు, భాగస్వామ్యాలు, ఇరుగుపొరుగు హద్దుల మీదే ఒక సంపుటం మొత్తం ఉంది. రాజ్యం చట్టమే చట్టమని బాబిలోనియాలో షముయేల్ అనే యూదు పండితుడు మూడో శతాబ్దంలోనే చెప్పాడు. ఇంత పాతుకుపోయిన న్యాయచింతనను చదివేవాళ్లు పెరిగితే ఎవరికి నష్టం?

గోదావరి గట్టు
నష్టం ఎవరికో మీరు దాటవేశారు వకీలు గారూ. హలాఖా ప్రకారం ‘గెట్’ అనే విడాకుల పత్రాన్ని భర్తే, తన ఇష్టంతో, భార్య చేతికి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆమె ‘అగునా’, అంటే ఆ బంధంలోనే చిక్కుకుపోయిన స్త్రీ. కోర్టు విడాకులు వచ్చినా వాళ్ల మతంలో ఆమె పెళ్లయిన మనిషే. ఇంకొకరితో బిడ్డను కంటే ఆ బిడ్డకు ‘మమ్జేర్’, అంటే నిషిద్ధ సంబంధపు సంతానం, అన్న ముద్ర పడుతుంది. ఆ సమాజంలో పెళ్లి సంబంధం దొరకదు. భర్త ఇంకొకరితో బిడ్డను కంటే మాత్రం, ఆమె అవివాహిత అయితే చాలు, ఆ ముద్ర లేదు. అందుకే గెట్ అడ్డం పెట్టుకుని ఇల్లు రాసివ్వమనే మగవాళ్లున్నారు.

సంతకం పెట్టి ఒప్పుకున్నారంటారు. పిలిస్తే రానివారి మీద బెత్ దీన్ ధిక్కార ప్రకటన వెలువరిస్తుందని మీకు తెలియదా? పిల్లల సంబంధాలు, ప్రార్థనామందిరంలో చోటు, అన్నీ ఆ నాలుగు వీధుల్లోనే ఉన్న మనిషికి అది ఎలాంటి ఇష్టం? కెనడాలోని ఒంటారియో 1991 నుంచి మతపరమైన మధ్యవర్తిత్వాన్ని కుటుంబ వివాదాల్లో అనుమతించింది. షరియత్ మండలి ప్రతిపాదన మీద గొడవ రేగాక, 2004లో మాజీ అటార్నీ జనరల్ మారియన్ బాయిడ్ నివేదిక జాగ్రత్తలతో కొనసాగించవచ్చని చెప్పినా, 2005లో ముఖ్యమంత్రి మెగింటీ అన్ని మతాలకూ తలుపు మూసేశారు. సరిగ్గా చేశారు.

బెజవాడ వకీలు
మూశారు. మరి గెట్ సమస్య పోయిందా? ఆ పత్రం రాయాల్సింది అదే రబ్బీలు. తాళం పోయిందని కమ్మరిని ఊరి నుంచి వెళ్లగొట్టినట్టుంది మీ వాదన.

పరిష్కారం ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. భర్తను బలవంతపెట్టి తీసుకున్న గెట్ చెల్లకపోవచ్చు, కాబట్టి నేరుగా జరిమానా వేయడం చిక్కు. రబ్బీ మొర్దెకై విల్లిగ్ పెళ్లికి ముందు రాసుకునే ఒక ఒప్పందాన్ని రూపొందించారు. విడిపోయాక గెట్ ఇచ్చేదాకా భర్త రోజుకు 150 డాలర్లు భార్య పోషణకు చెల్లించాలి. అది జరిమానా కాదు, భర్తగా ఉన్నంతకాలం శాస్త్రమే అతని మీద పెట్టిన బాధ్యత. శాస్త్రమూ ఒప్పుకోవాలి, అమెరికా కోర్టులోనూ నిలవాలి. రెండూ క్షుణ్ణంగా చదివినవాళ్లు తప్ప ఇలాంటిది రాయలేరు. అలాంటివాళ్లు తయారయ్యేది ఇలాంటి కేంద్రాల్లోనే.

హైఫా పరిశోధకుడు
ఇజ్రాయెల్ నుంచి ఒక మాట. ఇక్కడి రబ్బీ కోర్టులు స్వచ్ఛందం కావు. ఒట్టోమన్ల నాటి మతాలవారీ ఏర్పాటు బ్రిటిషు పాలన మీదుగా దిగివచ్చి 1953 చట్టంగా స్థిరపడింది. యూదుల పెళ్లి, విడాకులు ఆ కోర్టుల చేతుల్లోనే ఉన్నాయి. పౌరవివాహం లేదు, కావాలనుకున్నవారు సైప్రస్ వెళ్లి చేసుకొస్తారు. 1995 చట్టంతో గెట్ ఇవ్వని భర్తకు డ్రైవింగ్ లైసెన్సు ఆపగలరు, జైలుకూ పంపగలరు. అయినా అగునాలున్నారు. అధికారం ఎక్కువైతే న్యాయం ఎక్కువవుతుందని అనుకోకండి.

మన దేశం నుంచి వెళ్లిన బెనె ఇజ్రాయెలీ యూదులకు జరిగింది మరిచిపోకూడదు. 1962లో రబ్బీల పెద్దపీఠం, వీళ్ల పెళ్లిళ్లకు ముందు పూర్వీకులను ఆరా తీయమంది. మహారాష్ట్ర తీరం నుంచి వచ్చినవాళ్లు వీధుల్లో కూర్చుని నిరసన తెలిపితే, 1964లో పార్లమెంటు జోక్యం చేసుకున్నాక గానీ ఆ ఆదేశాన్ని మార్చలేదు.

చేబ్రోలు చదువరి
గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే, తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిములు ఉన్నారు కదా. అలాగే చెప్పుకునే ఈశాన్య భారతపు బ్నెయి మెనషేలకు 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ గుర్తింపు ఇచ్చారు, అయినా బెత్ దీన్ ముందు మతస్వీకారం తప్పలేదు. మనవాళ్లకు ఆ గుర్తింపు కూడా లేదు. ఎవరు యూదులో తేల్చే కుర్చీ ఇదే కాబట్టి, ఇది విడాకులతో ఆగే విషయం కాదు.

టీనెక్ తెలుగువాడు
విరాళాలు సేకరించే మా ఆఫీసు ఆయననే అడిగాను. డబ్బు తగాదాల్లో తీర్పుకు కారణాలు రాసి ఇస్తారట. పెళ్లికి ముందు ఒప్పందాన్ని ప్రోత్సహిస్తారు, తప్పనిసరి కాదు. స్త్రీల తరఫున వాదించడానికి శిక్షణ పొందిన మహిళలను అనుమతిస్తారా అంటే ఇంకా తేలలేదన్నారు. గ్రంథాలయానికి మాత్రమే ఇద్దామా అని ఆలోచిస్తున్నాను.

గోదావరి గట్టు
గ్రంథాలయానికి ఇచ్చిన డబ్బు న్యాయస్థానం ఖర్చుకు వెసులుబాటు కల్పిస్తుంది, అంతే.

వకీలు గారు ఆ ఒప్పందాన్ని మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ దాని బలం ఎక్కడిది? అమెరికా కోర్టు అమలు చేస్తుంది కాబట్టి. కెనడా సుప్రీంకోర్టు 2007లో, గెట్ ఇస్తానని రాసిచ్చి పదిహేనేళ్లు తిప్పిన భర్త చేత 47,500 డాలర్లు కట్టించింది. ఇంగ్లండులో 2022లో గెట్ నిరాకరించిన భర్తకు ఏడాదిన్నర జైలు వేసింది మామూలు క్రిమినల్ కోర్టు. మన సుప్రీంకోర్టు 2014లో దారుల్ ఖజా అనే ముస్లిం మత న్యాయమండళ్ల తీర్పులకు చట్టబలం లేదని చెప్పేసింది. న్యూజెర్సీలో ఆ బలం ఉంది. అందుకే అక్కడ మరింత గట్టిగా అడగాలి.

బెజవాడ వకీలు
జైలుకెళ్లిన ఆ భర్త మనసు మార్చుకున్నా గెట్ రాయించేది రబ్బీలే. అయినా మీ చివరి మాట ఒప్పుకుంటాను, అడగాలి.

గోదావరి గట్టు
అయితే టీనెక్ గారూ, ఆయనకు ఇలా రాయండి: ఈ కేంద్రంలో చదివిన ప్రతి రబ్బీ ఆ ఒప్పందం లేని పెళ్లి జరిపించనని సంతకం చేయాలి, వాదించే స్త్రీలకు తలుపు తెరవాలి. ఒప్పుకుంటే చెప్పండి, మీ ఆవిడతో పాటు నేనూ యాభై డాలర్లు పంపుతాను.