‘హాలికులైననేమి’: ఆ ‘ఏమి’లో చిన్నచూపు ఉందా?

ప్రశ్న (అనంతపురం)

అందరికీ నమస్కారం. మా పాప చాటుపద్యాలు కంఠతా పడుతోంది. నిన్న ఇది అప్పజెప్పింది.

బాలరసాలసాల నవపల్లవ కోమల కావ్యకన్యకన్
గూళల కిచ్చి యప్పడుపుఁగూడు భుజించుటకంటె సత్కవుల్
హాలికులైననేమి గహనాంతరసీమలఁ గందమూల కౌ
ద్దాలికులైననేమి నిజదార సుతోదర పోషణార్థమై

మా మామగారు పుట్టినప్పటి నుంచి సేద్యంలోనే ఉన్న మనిషి. పద్యం అర్థం చెప్పించుకుని, ‘రైతులయితేనేమి అంటే రైతు కావడం తక్కువనే కదమ్మా?’ అన్నారు. నాకు జవాబు తోచలేదు. పోతన స్వయంగా నాగలి పట్టాడంటారు. మరి ఆ ‘ఏమి’ ఎందుకు వచ్చింది?

జవాబు (తెనాలి)

ముందు అన్వయం చూడాలమ్మా. వచనంలో పెడితే ఇలా వస్తుంది: లేత మామిడి చిగురంత కోమలమైన కావ్యకన్యకను కూళలకిచ్చి, ఆ పడుపుకూడు తినడం కంటె, సత్కవులు తమ ఆలుబిడ్డల కడుపు నింపడానికి నాగలి దున్నితేనేం, నడి అడవిలో దుంపలు తవ్వుకుంటేనేం? రసాలమంటే మామిడి, సాలమంటే చెట్టు. కూళ అంటే నీచుడు. ‘ఆ పడుపు’ త్రికసంధితో ‘అప్పడుపు’ అయింది. పిల్లలు తడబడేది ‘నిజ’ దగ్గర. అది మన ‘నిజం’ కాదు, సంస్కృతంలో ‘తన’ అని. నిజదార అంటే తన భార్య.

ఇక ‘ఐననేమి’. ఎదుటివాడు తక్కువన్నదాన్ని పట్టుకుని ‘అయితే ఏం?’ అని నిలదీసే మాట ఇది. ‘అల్లుడికి ఆస్తి లేకపోతేనేం, కష్టపడతాడు’ అని అత్తగారు అంటే, ఆస్తి లేదని మూతి విరిచింది చుట్టాలు గానీ ఆవిడ కాదు. పల్లకిలో పోతున్న శ్రీనాథుడు పొలంలో ఉన్నవాళ్ళను చూసి ‘హాలికులకు సేమమా?’ అని పలకరించాడనీ, దానికి బదులుగా ఈ పద్యం పుట్టిందనీ ఒక కథ ఉంది. ఇద్దరూ బావమరుదులన్నది కూడా కథలో భాగమే. చరిత్రగా దాన్ని నిలబెట్టలేం. కానీ కథ అల్లినవాళ్ళ చెవికి ఈ ‘ఏమి’ ఎవరికో ఇచ్చిన జవాబులా వినబడింది, చూడండి. అది సరైన చెవి.

ఇంకొక సంగతి. ఇది భాగవతంలోని పద్యం కాదు, పోతన పేరున నోటినోటా నిలిచిన చాటువు. రాజులకు కృతి ఇవ్వనని ఆయన భాగవతం అవతారికలో చెప్పుకున్న పద్యం వేరే ఉంది, ‘ఇమ్మనుజేశ్వరాధములకు’ అని మొదలవుతుంది. రెండూ పక్కపక్కన చదివితే తేడా తెలుస్తుంది. అక్కడ సొమ్ములు పుచ్చుకుంటే చనిపోయాక కాలుడి సమ్మెట దెబ్బలు తప్పవన్న వెరపు ఉంది, శ్రీహరికి అంకితమివ్వడం ఉంది. ఇక్కడ హరి పేరే లేదు. ఉన్నది పెళ్ళాం, పిల్లలు, తిండి.

మీ మామగారికి ఇది కూడా చెప్పండి. ‘రైతు’ అరబ్బీ నుంచి వచ్చిన మాట, మొదటి అర్థం ఏలికకు లోబడిన ప్రజ. ‘హాలికుడు’ హలం నుంచి వచ్చింది. హలం పట్టినవాడు హాలికుడు, అంతే. తన పనిముట్టుతో పేరు తెచ్చుకున్నవాడు, ఆ పేరులో రాజు జాడ లేదు. రాజును కాదంటున్న పద్యంలో ఆ మాట పడడం నాకెంతో బాగుంటుంది.

జవాబు (జనగామ)

మాస్టారు చెప్పినదానికి మా దిక్కు నుంచి కొంచెం కలుపుతాను. పోతన ఊరని చెప్పుకునే బమ్మెర ఇప్పుడు మా జిల్లాలోనే, పాలకుర్తి మండలంలో ఉంది. సభల్లో ఎప్పుడూ దీన్ని రాజధిక్కారం పద్యంగానే చెప్తారు. నాకు మాత్రం ఇది సంసారి పద్యం, అందులోనూ ఎండాకాలం మొదలయ్యే రోజుల్లో సేద్యం ఇంట్లో పుట్టిన పద్యం. కారణం మొదటి పాదంలోనే ఉంది.

ఉగాదికి అటూ ఇటూ మా బాయి గడ్డ మీది మామిడిచెట్టును చూస్తే, ఒక కొమ్మకు పిందెలుంటాయి, ఇంకో కొమ్మ చిగురేస్తుంది. ఆ చిగురు ముందు పచ్చగా ఉండదు. రాగి రంగులో, నిలబడే బలం లేక కిందికి వేలాడుతుంది. ఆకు ముదిరి పచ్చబడ్డాకే బిర్రుగా నిలుస్తుంది. ‘నవపల్లవ కోమల’ అన్నది ఏదో ఒక ఆకును ఊహించుకుని అన్నమాట కాదు. మామిడి చిగురును వేళ్ళతో పట్టుకుని చూసిన మనిషి మాట.

ఆ రోజుల్లో చిన్న సేద్యం ఇల్లు ఎట్లుంటుందో చెప్తాను. యాసంగి వరి పొట్టకొచ్చో, గింజ గట్టిపడుతూనో ఉంటుంది. చివరి తడులకు నీళ్ళు అందుతాయో లేదోనని పొద్దున లేస్తే బాయిలోకి తొంగిచూసుడే. కొట్టంలోని పెంట ఎత్తి చెలకకు తోలుతారు. అత్తమ్మలు అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తుంటారు, వాకిట్లో మిరపకాయలు ఎండుతుంటాయి. ఒంటిపూట బడి అయిపోయి పిల్లలు మధ్యాహ్నానికే ఇంట్లో ఉంటారు, వచ్చేటప్పుడే ఆకలి మీద వస్తారు. వెనకట జీతగాళ్ళు ఉగాదికి కుదిరి మళ్ళీ ఉగాది దాకా ఉండేవాళ్ళు, కాబట్టి పాత లెక్క తేలేదీ, కొత్తది మొదలయ్యేదీ అప్పుడే. సుతోదర పోషణ అంటే ఏమిటో పుస్తకం చూసి తెలుసుకోవలసిన పని లేదు.

పంట అమ్మిన పైసలు చేతికొచ్చే కాలం గనక పెండ్లి మాటలు కూడా అప్పుడే. ‘పిల్లనెక్కడిస్తున్నరు?’ అని అడుగుతారు. ఇప్పుడు పద్యంలో ‘కూళలకిచ్చి’ దగ్గర ఆగండి. ఈ ‘ఇచ్చి’ పుస్తకం చేతికందించే ఇచ్చుడు కాదు, పిల్లనిచ్చుడు. అందుకే కావ్యాన్ని కన్యక అన్నాడు. మొదటి మాట ‘బాల’ వ్యాకరణంలో మామిడికి విశేషణమే, కానీ చెవికి ముందు వినబడేది ఆడపిల్ల. డబ్బు కోసం బిడ్డను చెడ్డోని చేతిలో పెట్టి, ఆ డబ్బుతో అన్నం తినే తండ్రిని ఊరు ఏమంటుందో పల్లెలో పుట్టినవాళ్ళకు తెలుసు. పోతన తిట్టిన తిట్టు అది. రాజును ‘కూళ’ అన్నది చిన్న తిట్టే, ‘పడుపుకూడు’ అన్నది తనలాంటి కవులకు. బిడ్డను అమ్ముకోకుండా మిగిలిన పిల్లల కడుపు ఎట్లా నింపాలి? ఆ ఇంటాయన దగ్గర ఉన్న జవాబు నాగలి.

కాబట్టి అక్కా, ఆ ‘ఏమి’లో చిన్నచూపు నాకైతే ఎక్కడా కనబడదు. దున్నితే ఇంటిల్లిపాదికీ మర్యాదగా అన్నం పుడుతుందన్న ధీమా కనబడుతుంది.

ప్రశ్న (అనంతపురం)

ఇద్దరికీ నమస్కారాలు. మామగారికి చదివి వినిపిస్తాను. ఇంకొక్క సందేహం. ‘నిజదార సుతోదర పోషణార్థమై’ అన్నది చివరికి వెళ్ళడం ఛందస్సు కోసమేనా? కందమూలాలు తవ్వడం ఎందుకొచ్చింది? నాగలి ఒక్కటి చాలదా?

జవాబు (తెనాలి)

ఛందస్సు ఒప్పుకుంటుంది గానీ, అదొక్కటే కారణం కాదు. ఉత్పలమాల ఇది, యతి పదో అక్షరం. నాలుగో పాదంలో ‘ద్దా’కు ‘దార’లోని ‘దా’ సరిగ్గా పడింది. రెండో పాదంలో ‘గూళ’, మిగతా మూడింట ‘ల’కారం ప్రాస, ల-ళలకు ప్రాస చెల్లుతుంది. ఇంత చేయి తిరిగినవాడు ఆ సమాసాన్ని ముందే పెట్టదలుచుకుంటే పెట్టలేకపోయేవాడా? చిగురుతో ఎత్తుకుని కడుపు దగ్గర దించాడు. జనగామ అమ్మాయి సంసారి పద్యమన్నది అందుకే నాకు నచ్చింది. నేను ఇన్నేళ్ళు పాఠం చెప్పినా ఆ ‘ఇచ్చి’ని అంత దగ్గరగా ఎవరూ చూపించగా వినలేదు.

కందమూలాల సంగతి: నాగలికి భూమి కావాలి, ఎడ్లు కావాలి, విత్తనం కావాలి. వానలు మోసం చేస్తే అవన్నీ ఉన్నా లాభం లేదు. అప్పుడేం చేస్తావని అడిగేవాడికి ముందే చెప్పిన బదులు ‘కౌద్దాలికులైననేమి’. హలం నుంచి హాలికుడు వచ్చినట్టే కుద్దాలం నుంచి కౌద్దాలికుడు. పేరు భారీగా ఉంది గానీ కుద్దాలమంటే మన గుద్దలే. పాపకు నేర్పేటప్పుడు మూడో పాదం చివర ‘కౌ’ దగ్గర ఊపిరి తీసుకోనివ్వకండి. పాదం విరిగినా మాట విరగకూడదు, ‘కౌద్దాలికులు’ ఒక్క ఊపున రావాలి.

జవాబు (నంద్యాల)

మాస్టారూ, మా పక్క గుద్దలి అనే మాట ఇప్పుడు తక్కువ, గడ్డపార అంటాం. నల్లమల చెంచులు దుంపలు తవ్వడానికి ఇనుప మొన వేసిన కర్ర వాడతారు. దాన్ని కుద్దాలం అనొచ్చా, లేక కుద్దాలానికి పారలాంటి వెడల్పు రేకు ఉండాలా?

జవాబు (తెనాలి)

నిఘంటువులు రెంటికీ చోటిస్తాయి నాయనా. తవ్వే సాధనమైతే చాలు.