బిస్మత్ స్థిర మూలకమా, రేడియోధార్మిక మూలకమా?

సైన్స్_మాస్టారు:
హైస్కూల్ పిల్లలకు సైన్స్ చెప్తాను. మా ల్యాబ్‌లో రెండు ఆవర్తన పట్టికలు వేలాడుతున్నాయి. పాతదాంట్లో 83వ గడి, అంటే బిస్మత్, మామూలు రంగులోనే ఉంది. కొత్తదాంట్లో మాత్రం దానికీ పక్కనున్న పొలోనియంకీ ఒకటే రంగు, రేడియోధార్మికం అని. "ఏది కరెక్ట్ సార్?" అని ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది. పోటీ పరీక్షలకు నా దగ్గరున్న పుస్తకాల్లోనూ ఇదే తేడా. చివరి స్థిర మూలకం సీసం అని ఒకటి, బిస్మత్ అని ఇంకొకటి. ఏం చెప్పమంటారు?

ఆల్ఫా_82:
సీసమే మాస్టారూ, ఇందులో సందేహం లేదు. బిస్మత్-209 స్థిరం కాదేమోనన్న అనుమానం సిద్ధాంతపరంగా చాలాకాలంగా ఉంది. 2003లో ఫ్రాన్స్‌లోని ఓర్సే శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకున్నారు. బిస్మత్ ఉన్న స్ఫటికాన్ని పరమశూన్య ఉష్ణోగ్రతకు అతి దగ్గరగా చల్లబరిచి, ఆల్ఫా కణం (కేంద్రకం నుంచి వెలువడే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల ముద్ద) బయటపడినప్పుడు పుట్టే కాస్తంత వేడినీ వెలుగునీ కొలిచారు. ఆల్ఫా కణం పోగా మిగిలేది థాలియం-205. కళ్లముందు కొలిచి చూపించాక ఇంకా స్థిరం అంటే తప్పు చెప్పినట్టే.

స్కాన్_రూమ్:
నేను ఒప్పుకోను. ఆస్పత్రిలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో పనిచేస్తాను. రేడియోధార్మికం అన్న మాట చెవినపడగానే మనిషి ఎంత టెన్షన్ పడతాడో రోజూ చూస్తాను. బిస్మత్ అర్ధాయువు, అంటే ఉన్న పరమాణువుల్లో సగం విరిగి వేరే మూలకంగా మారడానికి పట్టే కాలం, సుమారు 2 పక్కన 19 సున్నాలు పెట్టినన్ని ఏళ్లు. విశ్వం వయసుకు వంద కోట్ల రెట్లు పైనే! లెక్క వేస్తే, ఒక గ్రాము బిస్మత్‌లో ఏడాది మొత్తానికి విఘటనం చెందేవి, అంటే అలా విరిగేవి, ఓ 100 పరమాణువులు.

ఇప్పుడు పొటాషియం చూడండి. ఏ పట్టికలోనూ దానికి ఆ రంగు వేయరు. కానీ దాని పరమాణువుల్లో పది వేలకు ఒకటి చొప్పున పొటాషియం-40 ఉంటుంది. ఒక గ్రాము పొటాషియంలో సెకనుకు 30 విఘటనాలు. మనం తినే అరటిపండులో, తాగే కొబ్బరినీళ్లలో, మన కండరాల్లో ఉన్నది అదే. 70 కిలోల మనిషి ఒంట్లో సెకనుకు 4,000 పైచిలుకు జరుగుతూనే ఉంటాయి. కడుపు మంటకు ఇచ్చే కొన్ని మందుల్లో బిస్మత్ ఉంటుంది. ఆ రంగు చూసి భయపడి మందు మానేసేవాళ్లకు ఎవరు సమాధానం చెప్తారు?

ఆల్ఫా_82:
ప్రమాదం వేరు, మూలకం గుణం వేరు మేడమ్. భయపడతారని నిజాన్ని మార్చలేం కదా.

గడి_43:
ఇద్దరూ రంగు గురించే కొట్లాడుతున్నారు, అసలు చిక్కు ఆ రంగుతోనే. రేడియోధార్మికత ఐసోటోప్‌కి (ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య తేడా ఉన్న రూపానికి; పేరు పక్కన అంకె దాన్నే చెప్తుంది) ఉంటుంది, మనం రంగు మూలకానికి వేస్తున్నాం. కార్బన్-12 స్థిరం, కార్బన్-14 అర్ధాయువు 5,730 ఏళ్లు. గడి మాత్రం ఒక్కటే. స్థిరమైన ఐసోటోప్ ఒక్కటి ఉన్నా ఆ మూలకం స్థిరం కింద లెక్క. అందుకే పొటాషియం తప్పించుకుంది, ఉన్న ఒక్క సహజ ఐసోటోప్‌తో బిస్మత్ దొరికిపోయింది.

బరువెక్కితేనే రేడియోధార్మికం అని నేర్పడం కూడా సరికాదు. 43వది టెక్నీషియం, 61వది ప్రొమీథియం, రెండూ పట్టిక మధ్యలోనే ఉన్నాయి, ఒక్క స్థిర ఐసోటోప్ కూడా లేదు. 1937లో టెక్నీషియంను గుర్తించింది సైక్లోట్రాన్‌లో (కణాలను అతివేగంగా పరుగెత్తించే యంత్రంలో) కణాల దెబ్బలు తిన్న మాలిబ్డినం లోహపు రేకులో. స్కాన్_రూమ్ గారు రోజూ వాడేది టెక్నీషియం రూపమే, అర్ధాయువు 6 గంటలు.

ఇంకొకటి. లెక్క ప్రకారం సీసం-208 కూడా ఆల్ఫా కణాన్ని వదిలే వీలుంది. ఇంతవరకూ ఎవరూ చూడలేదు, అంతే. అంటే స్థిరం అన్న మాటకు అర్థం "విఘటనం ఇప్పటిదాకా కనబడలేదు" అని.

స్కాన్_రూమ్:
ఆ మాట పిల్లలకు చెప్తే నాకు అభ్యంతరం లేదు. కానీ పొలోనియం-210 అర్ధాయువు 138 రోజులు. దాన్నీ బిస్మత్‌నీ ఒకే రంగులో పెట్టడం మాత్రం ఇప్పటికీ తప్పే అంటాను.

సైన్స్_మాస్టారు:
రేపు కొత్త పటం మీద 83వ గడిలో చీటీ అంటించి అర్ధాయువు రాస్తాను, 84లో 138 రోజులని రాస్తాను. 19వ గడిలో పొటాషియం-40 సంగతి ఆ అమ్మాయి చేతే రాయిస్తాను. పరీక్షలో అడిగితే మాత్రం సీసం అనే రాయమంటాను. ఆల్ఫా_82 గారితో అక్కడ ఏకీభవిస్తున్నాను.