అప్‌డేట్: ఎండాకాలంలో పరుగు వేగం పడిపోవడం గురించి (అనంతపురం)

చలికాలంలో సులువుగా సాగే ఐదు కిలోమీటర్లు ఏప్రిల్ రాగానే ఎందుకు బరువెక్కుతాయి, లోపం మనిషిలోనా అని ఇదివరకు అడిగాను. జవాబులు చెప్పినవాళ్లకు థ్యాంక్స్. తేలింది ఇదీ.

లోపం కాదు. ఒళ్లు చల్లబడటానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది. చెమటతో నీరు పోయి రక్తం పరిమాణమూ తగ్గుతుంది. దాంతో అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. అందుకే ఎండాకాలం వాచీలో టైమింగ్ పక్కన పెట్టి, మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగాన్నే కొలతగా పెట్టుకోవాలి. మాట మధ్యలో ఊపిరి తెగితే నడకే. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి 10–14 రోజులు పడుతుంది, మొదటి వారం సగం దూరం చాలు. ఈ మే నెలను పోయిన మే నెలతోనే పోల్చాలి, డిసెంబరుతో కాదు. కొత్త బంతి స్వింగయ్యే గంటలో ఓపెనర్ వదిలేసిన బంతులు స్కోరుబోర్డులో కనబడవు, ఎండలో నెమ్మదిగా పరిగెత్తిన కష్టమూ అంతే, వాచీలో కనబడదు.

పరుగుకు ముందూ తర్వాతా బరువు చూడండి: కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. ఒట్టి నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. అందుకే లీటరు నీళ్లకు అర టీస్పూను ఉప్పు, ఆరు టీస్పూన్ల చక్కెర, చెంచా అంచుకు సమంగా కొలిచి కలుపుకుని తాగండి. ఉప్పేసిన మజ్జిగా మంచిదే. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా, చెమట పడుతోంది కదా అని ఊరుకోవద్దు: నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయండి.