పాత డెల్ లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేశాను, వైఫై అసలు కనిపించడం లేదు

మార్కాపురం మాష్టారు:
అందరికీ నమస్కారం. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు తెలుగు టైపింగ్ నేర్పుదామని మా బావమరిది దగ్గర పాత లాప్‌టాప్ తీసుకున్నాను. డెల్ ఇన్‌స్పిరాన్ 1545, 4 జీబీ ర్యామ్. అందులో ఉన్న విండోస్ 7 తెరుచుకునేసరికి పీరియడ్ సగం అయిపోయేది. అందుకని దాని బదులు లినక్స్ మింట్ 21.3 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ (తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం) వేశాను. చక్కగా నడుస్తోంది, తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా వచ్చింది. వైఫై ఒక్కటే లేదు. నెట్‌వర్క్ గుర్తు నొక్కితే చుట్టుపక్కల పేర్లు రావడం కాదు కదా, వైఫై అన్న మాటే కనిపించదు.

టౌన్‌లో రిపేరు షాపులో చూపిస్తే “దీనికి లినక్స్ సెట్ కాదు సార్, మళ్ళీ విండోస్ వేయించుకోండి” అన్నారు. నెట్‌లో వెతికితే ఒక్కొక్కరు ఒక్కో డ్రైవర్ (వైఫై కార్డుని నడిపే ప్రోగ్రామ్) పేరు చెబుతున్నారు. పైగా ఆ కమాండ్లన్నీ ఇంటర్నెట్ ఉంటేనే పని చేస్తాయట. నాకు డ్రైవర్ కావలసిందే ఇంటర్నెట్ కోసం. బడిలో లాన్ లేదు, నెట్ అంటే నా ఫోన్ హాట్‌స్పాటే. పిల్లలు రోజూ అడుగుతున్నారు. కమాండ్లు నాకు కొత్త, కాస్త విడమరిచి చెప్పగలరు.

పాతపెట్టెలు (బొబ్బిలి):
మాష్టారూ, విండోస్ జోలికి వెళ్ళకండి. ముందు ఒక్క పని చేయండి. టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, డ్యాష్ పెట్టి ఎన్‌ఎన్‌కే అని చేర్చండి. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. చాలా లైన్లు వస్తాయి. వాటిలో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అన్న లైనూ, దాని కింద ఉన్న లైన్లూ ఇక్కడ రాయండి. లాప్‌టాప్ మోడల్ చూసి డ్రైవర్ చెప్పలేం. ఇదే 1545ని వేర్వేరు వైఫై కార్డులతో అమ్మారు. బ్రాకెట్లో ఉండే నంబరే మనకు ఆధారం.

మార్కాపురం మాష్టారు:
సర్, ఇదీ వచ్చింది. బ్రాడ్‌కామ్ బీసీఎం4312, 802.11 బీ/జీ, ఎల్‌పీ-పీహెచ్‌వై. బ్రాకెట్లో 14ఈ4:4315. కింద లైన్లో, వాడుకలో ఉన్న కర్నెల్ డ్రైవర్ అన్నచోట ‘బీ43-పీసీఐ-బ్రిడ్జ్’ అని ఉంది. డ్రైవర్ ఉన్నట్టేనా మరి?

పాతపెట్టెలు (బొబ్బిలి):
ఉంది మాష్టారూ. మీ కార్డుని కర్నెల్ (లినక్స్ లోపలి ముఖ్య భాగం) గుర్తుపట్టింది. డ్రైవర్ కూడా మింట్‌తోపాటే వచ్చింది. లేనిది ఫర్మ్‌వేర్. షాపువాళ్ళు ఈ రెంటికీ తేడా చూసినట్టు లేదు.

వైఫై కార్డులో దానికంటూ ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవర్ వెళ్ళి దానికి ఒక ప్రోగ్రామ్ ఎక్కించాలి. అదే ఫర్మ్‌వేర్. ఎక్కించడానికి ఫైలు దొరక్కపోతే కార్డు మౌనంగా ఉండిపోతుంది, మీకు వైఫై అన్న మాట కూడా రాదు. టెర్మినల్‌లో సుడో అని కొట్టి, ఖాళీ వదిలి, కర్నెల్ సందేశాలు చూపించే డీమెసేజ్ కమాండ్ నడిపి చూడండి (డీ, ఎం, ఈ, ఎస్, జీ, అంతే). బీ43 పేరుతో ‘యూకోడ్15’ అనే ఫైలు దొరకలేదని ఎర్రర్ కనిపించాలి. కనిపిస్తే నేను చెప్పింది ఖాయం.

ఆ ఫైలు మింట్‌లో ఎందుకు పెట్టలేదంటే, దాన్ని పంచే అనుమతి లేదు కాబట్టి. బీ43 డ్రైవర్‌ని బ్రాడ్‌కామ్ కంపెనీ రాయలేదు. కొందరు వాలంటీర్లు, కంపెనీవారి డ్రైవర్‌ని విప్పి పరిశీలించి, చిప్ ఎలా పని చేస్తుందో తెలుసుకుని, రాశారు. 2008 జనవరిలో 2.6.24 కర్నెల్‌తో అది లినక్స్‌లోకి వచ్చింది. మీ కార్డు రకానికి, అంటే ఎల్‌పీ-పీహెచ్‌వైకి, పని జరిగింది 2009లో. కంపెనీ డాక్యుమెంట్లు లేకుండా చేసిన పని అది. దాని వల్లే ఈ పాత లాప్‌టాప్ మీ పిల్లలకు పనికొస్తోంది. నాకు వాళ్ళంటే చాలా గౌరవం. అయితే చిప్‌లోకి ఎక్కే ఫర్మ్‌వేర్ మాత్రం కంపెనీ సొత్తు. అందుకే ‘ఫర్మ్‌వేర్-బీ43-ఇన్‌స్టాలర్’ అనే ప్యాకేజీ ఒకటి చేశారు. అది మీ కంప్యూటర్‌లోకి వచ్చాక కంపెనీవారి పాత డ్రైవర్‌ని నెట్ నుంచి దించి, అందులోంచి ఫర్మ్‌వేర్ ముక్కని కోసి, దాని చోట్లో పెడుతుంది. నెట్ తప్పనిసరి అనేది ఇందుకే.

నెట్ మీ జేబులోనే ఉంది. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలపండి. ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ పక్కనే ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఉంటుంది, ఆన్ చేయండి. మింట్ దాన్ని వైర్డ్ కనెక్షన్ అనుకుంటుంది, ఏ డ్రైవరూ అడగదు. టెథరింగ్ ఆన్ అవ్వకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. చౌక కేబుళ్ళలో చాలావాటికి చార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఇంట్లో రౌటర్ ఉంటే ఫోన్‌ని ఆ వైఫైలో పెట్టి కూడా టెథరింగ్ చేయొచ్చు, మొబైల్ డేటా ఖర్చవదు.

తర్వాత మెనూలో సినాప్టిక్ (ప్యాకేజీలు వేసుకునే ప్రోగ్రామ్) తెరవండి. రీలోడ్ నొక్కి, బీ43 అని వెతికి, నేను చెప్పిన ఇన్‌స్టాలర్‌కి టిక్ పెట్టి అప్లై చేయండి. ఫర్మ్‌వేర్ కోసే ప్యాకేజీ (బీ43-ఎఫ్‌డబ్ల్యూకట్టర్) తనంతట తనే వస్తుంది. అయ్యాక రీస్టార్ట్.

ఒక్క జాగ్రత్త. మెనూలో ‘డ్రైవర్ మేనేజర్’ తెరిస్తే బ్రాడ్‌కామ్ ఎస్‌టీఏ అనే కంపెనీవారి సొంత డ్రైవర్ వేసుకోమని చూపించవచ్చు. రెండూ కలిపి వేయకండి. ఎస్‌టీఏ వేస్తే అది బీ43ని బ్లాక్‌లిస్టులో (లోడ్ చేయకూడని వాటి జాబితాలో) పెట్టేస్తుంది. తర్వాత ఎస్‌టీఏని మామూలుగా తీసేసినా ఆ కాన్ఫిగరేషన్ ఫైలు మిగిలిపోయి బీ43ని లోడ్ కానివ్వకపోవచ్చు. తీయాల్సి వస్తే కాన్ఫిగరేషన్‌తో సహా తీసే ‘కంప్లీట్ రిమూవల్’ వాడండి.

కూకట్‌పల్లి 4జీబీ:
బొబ్బిలి అన్నా, అన్నీ సరిగ్గానే చెప్పావు గానీ ఎస్‌టీఏని అంత పక్కన పెట్టాల్సిన పని లేదు. నా దగ్గర ఆటమ్ ప్రాసెసర్ నెట్‌బుక్ (చిన్న లాప్‌టాప్) ఉంది, ఇదే 4315 కార్డు. బీ43తో కాసేపు నడిచి, డీఎంఏ (కార్డు నేరుగా మెమరీతో డేటా మార్చుకునే పద్ధతి) ఎర్రర్ అని పడిపోయేది. ఎస్‌టీఏ వేశాక స్థిరంగా ఉంది. పైగా మింట్ ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌లోనే ఎస్‌టీఏ ప్యాకేజీ ఉంటుంది, నెట్ లేకుండానే అయిపోతుంది.

పాతపెట్టెలు (బొబ్బిలి):
నిజమే తమ్ముడూ. నెట్‌బుక్‌లలో ఆ డీఎంఏ తగాదా తెలిసిందే. అక్కడ కూడా ముందు బీ43కి పీఐఓ (డేటాని ప్రాసెసర్ ద్వారానే పంపే పద్ధతి) ఆప్షన్ ఇచ్చి చూడమంటాను, వేగం తగ్గినా లైన్ పడిపోకుండా ఉండొచ్చు. మాష్టారిది ఆటమ్ కాదు. నేను బీ43 అనడానికి అసలు కారణం వేరు. ఎస్‌టీఏ చివరి వెర్షన్ 2015లో వచ్చింది. అప్పటినుంచి కొత్త కర్నెల్‌కి సరిపడేలా డిస్ట్రోలవాళ్ళే (మింట్ లాంటి లినక్స్ రకాలు తయారుచేసేవాళ్ళే) ప్యాచ్‌లు వేస్తూ లాక్కొస్తున్నారు. కర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఆ డ్రైవర్ మళ్ళీ కంపైల్ అవ్వాలి, అంటే కొత్త కర్నెల్‌కి తగ్గట్టు మళ్ళీ తయారవ్వాలి. ఎప్పుడో ఒకసారి అవ్వదు. నువ్వైతే చూసుకుని సరిచేసుకుంటావు. బడిలో లాప్‌టాప్‌కి ఆ రోజు ఎవరు ఉంటారు? పిల్లలు ముందు కూర్చుని ఉంటారు, మాష్టారికి టెన్షన్. బీ43 కర్నెల్‌లోనే ఉంది, ఫర్మ్‌వేర్ ఫైలు మారదు. ఒకసారి పెడితే అలాగే ఉంటుంది.

కూకట్‌పల్లి 4జీబీ:
బడి అన్న సంగతి నేను ఆలోచించలేదన్నా. దానికి బీ43యే మంచిది.

మార్కాపురం మాష్టారు:
సర్, వైఫై వచ్చింది! యూకోడ్15 ఎర్రర్ మీరన్నట్టే కనిపించింది. ఇన్‌స్టాలర్ వేసి రీస్టార్ట్ చేస్తే పక్కింటివాళ్ళ వైఫై పేర్లన్నీ వరసగా వచ్చాయి. చాలా సంతోషంగా ఉంది. కానీ నా ఫోన్ హాట్‌స్పాట్ పేరు మాత్రం అందులో లేదు. మా అమ్మాయి ఫోన్‌కి అదే హాట్‌స్పాట్ కనిపిస్తోంది. ఇంకో మాట, మా సైన్సు టీచర్ గారు కూడా ఒక పాత లాప్‌టాప్ ఇస్తానన్నారు. దానిలో పెన్‌డ్రైవ్ మింట్ పెట్టి అదే కమాండ్ కొడితే బ్రాడ్‌కామ్, 14ఈ4:4727 అని వచ్చింది. దానికీ ఇదే ప్యాకేజీ వేయనా?

పాతపెట్టెలు (బొబ్బిలి):
శుభం మాష్టారూ. మీ ఫోన్ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉండి ఉంటుంది. ఈ కార్డు బీ/జీ రకం, దానికి 2.4 తప్ప వేరే బ్యాండ్ తెలీదు. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్‌ని 2.4కి మార్చండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 అని ఉంటే డబ్ల్యూపీఏ2 చేయండి. కాగితం మీద వేగం 54 ఎంబీపీఎస్, చేతికొచ్చేది అందులో సగం కూడా ఉండదు. టైపింగ్‌కీ, వికీపీడియా చదవడానికీ సరిపోతుంది. పెద్ద అప్‌డేట్లు ఉన్నప్పుడు మాత్రం ఇంట్లో రౌటర్‌కి లాన్ కేబుల్ పెట్టి చేసుకోండి.

రెండో లాప్‌టాప్‌కి ఈ ప్యాకేజీ వద్దు. 4727 అంటే బీసీఎం4313. దానికి 2010లో కంపెనీయే ఓపెన్ సోర్స్ డ్రైవర్ విడుదల చేసింది, ఇప్పుడు దాని పేరు బీఆర్‌సీఎంఎస్‌మ్యాక్. ఫర్మ్‌వేర్ పంచడానికి అనుమతి కూడా ఉంది కాబట్టి మింట్‌లోనే ఉంటుంది. ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి నడిపినప్పుడు వైఫై పేర్లు వస్తున్నాయో లేదో చూడండి. రాకపోతే కీబోర్డు మీద టవర్ బొమ్మ ఉన్న కీ గానీ, పక్కన చిన్న స్విచ్ గానీ ఆఫ్‌లో ఉందేమో చూడండి. ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అనే కమాండ్‌లో ‘హార్డ్ బ్లాక్డ్’ ఎదురుగా ‘యెస్’ అని వస్తే అదే కారణం. అప్పటికీ రాకపోతే ఇక్కడే రాయండి, డీమెసేజ్‌లో వచ్చిన లైన్లు కూడా పెట్టండి.