ఈ వారం సమస్య: ముగురు సూర్యు లింట మొలిచి రయ్య

ఎంవీపీ మాష్టారు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలూ మీరే కట్టి దీనికి అర్థం కుదర్చాలి. ఎప్పుడూ దేవుళ్ళ మీదేనా అని కుర్రాళ్ళు గోల పెట్టారు కదా, ఈసారి పూరణ సైన్స్ ఫిక్షనో ఫాంటసీయో ఏదో ఒక సిరీస్ మీదే ఉండాలి. యతి, అదే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం, తప్పితే మాత్రం ఊరుకోను.

సిరిపురం చిన్నోడు:
మంచు కొక్క యుగము మంట కొక్క యుగమ్ము
గ్రహము గతికి లేదు కట్టుబాటు
తెరను చూడ చూడ తెల్లారె నట్టింట
ముగురు సూర్యు లింట మొలిచి రయ్య

2024 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 3 బాడీ ప్రాబ్లమ్ మాష్టారూ. 8 ఎపిసోడ్లూ ఒకేసారి వదిలేసారు, ఆ గ్రహానికి మూడు సూర్యులు, ఏది ఎప్పుడు పొడుస్తుందో ఎవడికీ తెలీదు, ఎండ ముదిరితే జనం ఒంట్లో నీళ్ళన్నీ వదిలేసి చాపల్లా చుట్టుకుపోతారు, అది చూసాక ఇంక నిద్రేటి.

అక్కయ్యపాలెం అక్క: ఈ సిరీస్‌కి మూలమైన పుస్తకం చదివినోళ్ళని అడుగు తమ్ముడూ. చైనాలో నడిచే కథని ఇంగ్లండు పట్టుకెళ్ళి ఐదుగురు ఫ్రెండ్స్‌కి పంచిపెట్టారు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి సీజన్ తీసి తిట్లు తిన్న ఇద్దరే ఇక్కడా ఉన్నారనగానే నాకు డౌటు. కాపోతే ఐదో ఎపిసోడ్‌లో పనామా కాలువ దగ్గర నానో దారాలకి అంత ఓడా పొరలు పొరలుగా తెగిపోద్ది చూడు, పోర్టు ఊళ్ళో పుట్టినదాన్ని, కడుపులో దేవేసింది, ఇంక తిట్టబుద్ధి కాలేదు.

మాష్టారు: రెండో పాదం భేషు. మూడు గోళాలు ఒకదాన్నొకటి లాగుతుంటే ఎప్పుడు ఎక్కడుంటాయో చెప్పే సాధారణ సూత్రం లేదు, అసలు లెక్కే అది, దాన్ని కట్టుబాటు లేదని తేల్చేసాడు. కానీ నట్టింట అన్నాక మళ్ళీ ఇంట ఏంటి నాయనా, పునరుక్తి. "తెల్లారె రాతిరే" అనెయ్, గణాలు సరిపోతాయి, చమత్కారమూ వస్తుంది.

ఏయూ ఫిజిక్స్: ఒక చిన్న అభ్యంతరం. మనకి దగ్గర్లో నిజంగానే మూడు సూర్యులున్న ఆల్ఫా సెంటారీలో, ప్రాక్సిమా అనే మూడో నక్షత్రం మిగతా రెంటికీ, భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి దాదాపు 13,000 రెట్లు ఎడంగా ఉంటుంది. ఆ రెంటి దగ్గర్నుంచి చూస్తే మూడోది సూర్యుడిలా కాదు, మామూలు చుక్కలా కనిపిస్తుందంతే.

మాష్టారు: ఆ అభ్యంతరం నెట్‌ఫ్లిక్స్ వాళ్ళకి పంపండి బాబూ.

గాజువాక బుల్లోడు:
గాజువాక సూర్య కంచరపాలెము
సూర్య మధురవాడ సూర్య కూడ
డ్రాగ నెగురు వేళ రయ్యిన దిగినారు
ముగురు సూర్యు లింట మొలిచి రయ్య

హౌస్ ఆఫ్ ది డ్రాగన్ సిరీస్. కొత్త ఎపిసోడ్ అమెరికాలో ఆదివారం రాత్రి వస్తే, మనకి సోమవారం పొద్దున 6:30. మా ఫ్రెండ్స్ ముగ్గురి పేరూ సూర్యే, మా అమ్మ టీలు పెట్టలేక చచ్చింది.

చిన్నోడు: డ్రాకి రకి యతేటి గురూ?

మాష్టారు: చెల్లుతుంది. సంయుక్తాక్షరంలో డకారానికి వేసినా రేఫకి వేసినా తప్పులేదు. నాకు నచ్చనిది వేరే. దిగినారు అన్నాక మొలిచిరి ఎందుకు? మనుషులు మొలవరు. శ్లేష తట్టింది గానీ నాలుగో పాదం అతికించినట్టుంది.

బుల్లోడు: మా ఫీలింగ్ కూడా అదే మాష్టారూ. 2022లో 10 ఎపిసోడ్లిచ్చి, 2024లో రెండో సీజన్ 8కి కోసేసారు, సేనలన్నీ బయల్దేరగానే శుభం కార్డు. అతికించినట్టు ఉండదా మరి.

అక్క:
తెరను రెండు వెలిగె తీరాన నొకటుండ
కిటికి తెరవ దాను గెంతి వచ్చె
ఏసీ ఆగె నమ్మ ఎండ తాళగ లేము
ముగురు సూర్యు లింట మొలిచి రయ్య

స్టార్ వార్స్ వాళ్ళ బుక్ ఆఫ్ బోబా ఫెట్ చూస్తున్నాం, అందులో టాటూయిన్ గ్రహానికి రెండు సూర్యులు కదా. మూడోది మన బీచ్ రోడ్డుది.

మాష్టారు: ఏసీ అంటే రెండు గురువులు, అక్కడ రావాల్సిన సూర్యగణం (గురువూ లఘువూ, లేదా మూడు లఘువులు) కాదు, గణభంగం. "ఏసి యాగె నమ్మ" అను.

అక్క: మా ఇంట్లో ఏసీకే గ్యారంటీ లేదు, దాని దీర్ఘానికి ఏం గ్యారంటీ. మార్చేసుకోండి మాష్టారూ.

మాష్టారు: ఈ పాదంలో ముడి ఇంట అన్న చోటే ఉంది. చిన్నోడి సూర్యులు టీవీలోనే ఉండిపోయారు, బుల్లోడి వాళ్ళు బైకుల మీదొచ్చారు. రెండూ ఒకటీ కలిసి నిజంగా ఇంట్లోకి వచ్చింది అక్క పద్యంలోనే. ఈ వారం ఆవిడదే, వచ్చే సమస్య కూడా ఆవిడే ఇస్తుంది.

బుల్లోడు: అన్యాయం అక్కా, టీ ఖర్చులైనా ఇప్పించండి.

అక్క: టీ కాదుగానీ ఇది తీసుకో. "చచ్చినతడె కేకు సగము కోసె". సీజన్ వన్‌లో చంపేసి సీజన్ టూలో లేపేసే సిరీస్‌లు బోలెడున్నాయి, ఆదివారం రాత్రిలోపు పెట్టండి.